ఊరి లెక్కలో కలిసిపోయే వాడ: అంటువ్యాధుల సమాచారం ఎలా కదులుతుంది, ఎక్కడ ఆగుతుంది

తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో వేంగైవాయల్ అనే చిన్న దళిత కాలనీ ఉంది. 2022 డిసెంబర్‌లో అక్కడి పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే, తాగే నీళ్లు ఎలా ఉన్నాయో చూసుకోమని డాక్టర్లు చెప్పారు. డిసెంబర్ 26న కాలనీవాళ్లు తమ ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి చూశారు. లోపల మనిషి మలం ఉంది.

ఆ తర్వాత జరిగినది చాలామందికి తెలిసిందే. ఆందోళనలు, సీబీ-సీఐడీ దర్యాప్తు, డీఎన్‌ఏ పరీక్షలు, చివరికి 2025 జనవరిలో అదే కాలనీకి చెందిన ముగ్గురిపై అభియోగపత్రం. కాలనీవాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. ఆ కేసులోకి మేము ఇక్కడ వెళ్లడం లేదు. మా ప్రశ్న అంతకు ముందు రోజుల గురించి. ఒక వాడలో పిల్లలు వరసగా పడిపోతుంటే ఆ సంగతి ఏ రిజిస్టర్‌కు ఎక్కాలి? ఎవరికి చేరాలి? ఎవరు రావాలి? దీనికోసం దేశంలో ఒక వ్యవస్థ ఉంది, దానికి ఫారాలున్నాయి, సర్వర్లున్నాయి, ఢిల్లీలో ఒక కేంద్రం ఉంది. అది ఎలా పనిచేస్తుందో, వాడ దాకా వచ్చేసరికి దానికి చూపు ఎందుకు ఆనదో వివరంగా రాస్తున్నాం.

ఈ వ్యవస్థకు మూలం 1994లో సూరత్‌లో వచ్చిన ప్లేగు. ఆ భయంతో జనం లక్షల్లో ఊరు విడిచి పారిపోయారు. వ్యాధిని ముందుగా పసిగట్టే ఏర్పాటు దేశంలో లేదని అప్పుడు తేలింది. 1990ల చివర్లో ఒక చిన్న కార్యక్రమం మొదలైంది. 2004 నవంబర్‌లో ప్రపంచ బ్యాంకు సాయంతో సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం వచ్చింది. అందరూ దాన్ని ఐడీఎస్పీ అంటారు. దాని కేంద్ర కార్యాలయం ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే ఎన్‌సీడీసీలో ఉంటుంది. రాష్ట్రానికొక నిఘా విభాగం, జిల్లాకొక నిఘా విభాగం ఉంటాయి. మన దగ్గర జిల్లా విభాగం డీఎంహెచ్‌ఓ కార్యాలయంలో ఉంటుంది.

కింది నుంచి సమాచారం మూడు ఫారాల్లో ఎక్కుతుంది. ఎస్ ఫారం ఏఎన్‌ఎం నింపేది. ఆమె డాక్టరు కాదు కాబట్టి జబ్బు పేరు రాయదు, లక్షణం రాస్తుంది: ఏడు రోజుల లోపు జ్వరం, దద్దుర్లతో జ్వరం, రక్తస్రావంతో జ్వరం, నీళ్ల విరేచనాలు, రక్త విరేచనాలు, పచ్చకామెర్లు, రెండు వారాలు దాటిన దగ్గు. చివర్లో ఒక గడి ఉంటుంది, మా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. మరణానికి గానీ ఆసుపత్రిలో చేరడానికి గానీ దారితీసిన అసాధారణ లక్షణాలు అందులో రాయాలి. పేరు తెలియని జబ్బుకు ఈ వ్యవస్థ వదిలిన తలుపు అది. పీ ఫారం పీహెచ్‌సీలో, ఆసుపత్రిలో డాక్టరు నింపేది. పరీక్షకు ముందు ఆయన అనుమానించిన జబ్బు అందులో ఉంటుంది. ఎల్ ఫారం ల్యాబ్ నిర్ధారించినది. మొదట్లో ఇవన్నీ వారానికొకసారి, సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్కగట్టి పైకి పంపేవారు.

2018 నవంబర్‌లో ఈ కాగితాల స్థానంలో ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ వేదికను ఏడు రాష్ట్రాల్లో మొదలుపెట్టారు. ఆ ఏడింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. 2021 ఏప్రిల్ 5న దేశమంతటికీ ప్రారంభించారు. అంతకుముందు 18 జబ్బుల లెక్క ఉంటే ఇందులో 33 ఉన్నాయి. ఏఎన్‌ఎం ట్యాబ్‌లో ఎక్కించిన వివరం జిల్లాకూ ఢిల్లీకీ దాదాపు వెంటనే కనబడుతుంది. ఒక ఊళ్లో కేసులు మామూలు కంటే పెరిగితే హెచ్చరిక వస్తుంది. జిల్లా నుంచి సత్వర స్పందన బృందం ఊరికి వెళ్తుంది, నమూనాలు తీస్తుంది, నివేదిక రాస్తుంది.

అది విజృంభణేనని తేలితే దానికొక గుర్తింపు సంఖ్య పడుతుంది. రాష్ట్రం, జిల్లా, సంవత్సరం, వారం, వరస సంఖ్య అందులో ఉంటాయి. దేశంలోని విజృంభణలను వారాలవారీగా ఒక పట్టికలో పెట్టి ఐడీఎస్పీ ప్రచురిస్తుంది. చాలా సార్లు ఆలస్యంగా వస్తుంది, అయినా మామూలు మనిషి చూడగలిగేది ఇదొక్కటే. లోపలి డ్యాష్‌బోర్డుకు లాగిన్ కావాలి. విద్యార్థులు ఈ పట్టికను ఒకసారి తెరిచి చూడాలి. జిల్లా పేరు, జబ్బు, కేసులు, మరణాలు, మొదలైన తేదీ, తెలియజేసిన తేదీ, ప్రస్తుత స్థితి, తీసుకున్న చర్యలు అని వరసలుంటాయి. మొదలైన తేదీకీ తెలియజేసిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. ఆ ఊరికి వ్యవస్థ ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. చర్యల గడిలో ఊరి పేరు, పీహెచ్‌సీ పేరు ఉంటాయి. కులం ఉండదు, వృత్తి ఉండదు, ఊళ్లో ఏ వైపో ఉండదు.

ఏ వైపో ఉండకపోతే ఏమవుతుందో చిన్న లెక్కతో చూద్దాం. 3000 మంది ఉన్న ఒక ఊరు అనుకుందాం. అందులో వాడలో 200 మంది. వాడకు వేరే పైపు, అది మురుగు కాలువ పక్కనుంచి వస్తుంది. ఒక వారంలో వాడలో ఎనిమిది మందికి విరేచనాలు పట్టుకున్నాయి, ఊళ్లో ఎవరికీ లేవు. ఊరి మొత్తం మీద లెక్కగడితే వెయ్యికి మూడు కూడా నిండవు. వానాకాలంలో ఆ మాత్రం మామూలే అనిపిస్తుంది. వాడ మీద లెక్కగడితే వెయ్యికి నలభై. మనుషులు వాళ్లే, విరేచనాలు అవే, భాగహారంలో కింద వేసిన సంఖ్య మారిందంతే. మొదటి లెక్కకు ఎవరూ కదలరు. రెండో లెక్కకు ఆ రాత్రే జీపు రావాలి.

తెలుగులో ఊరూ వాడా అని కలిపి అంటాం, అంతటా అనే అర్థంలో. నిఘా వ్యవస్థకు ఊరే ఉంది. దాని అతి చిన్న కొలత రెవెన్యూ గ్రామం లేదా పంచాయతీ. అంటరానితనం వాడను ఊరికి దూరంగా, పల్లంలో, వేరే బావి మీద, వేరే ట్యాంకు మీద పెట్టింది. నీళ్లు వేరైనప్పుడు నీళ్ల జబ్బు కూడా వేరుగానే వస్తుంది. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో జాన్ స్నో కలరా మరణాలను ఇంటింటికీ గుర్తుపెట్టి పటం గీసినప్పటి నుంచి ఈ శాస్త్రానికి పునాది ఇదే: ఎవరు ఏ నీళ్లు తాగారో విడదీసి చూడు. మన ఊళ్లను కులం ముందే విడదీసింది. వాటిని చదవడానికి కూర్చున్న వ్యవస్థ మాత్రం అన్నీ కలిపి చదువుతోంది.

అంత చిన్న స్థాయిలో లెక్క సాధ్యం కాదు అని ఎవరైనా అంటే ఒక సంగతి గుర్తుచేయాలి. గ్రామీణ తాగునీటి శాఖ చాలా ఏళ్లుగా హ్యాబిటేషన్ వారీగా లెక్క ఉంచుతోంది. ఎస్సీలు ఎక్కువగా ఉన్న హ్యాబిటేషన్లు ఏవి, అక్కడ నీటి సరఫరా ఎంత అన్నది ఆ లెక్కలో ఉంది. అంటే వాడ కుళాయి ఒక శాఖకు తెలుసు, వాడ విరేచనాలు మరో శాఖకు తెలియాలి. ఈ రెండు పట్టికలనూ కలపాలన్న ఆలోచనే రాలేదు.

ఒక చోట మాత్రం ఈ వ్యవస్థకు మన పిల్లలు గుంపుగా కనిపిస్తారు. అది హాస్టల్. గురుకులంలో, ఆశ్రమ పాఠశాలలో రాత్రి భోజనం తర్వాత యాభై మందికి వాంతులైతే అది ఒక భవనంలో, ఒక వంటగది నుంచి, ఒక రాత్రిలో జరిగింది కాబట్టి లెక్కలో జారిపోదు. 2024 అక్టోబర్ చివర్లో ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో పిల్లలు అలాగే జబ్బుపడ్డారు. ఒక విద్యార్థిని నవంబర్‌లో హైదరాబాద్‌లో చికిత్స పొందుతూ చనిపోయింది. అదే పిల్లలు సెలవులకు ఇంటికి వెళ్లి అక్కడ జబ్బుపడితే తిరిగి ఊరి లెక్కలో కలిసిపోతారు.

లెక్క తప్పడానికి ఇంకా ముందే ఒక మెట్టుంది. మనిషి ఎవరో ఒకరి కంటపడితేనే కేసు అవుతుంది. కూలికి పోయే మనిషి మూడు రోజుల జ్వరానికి ముందు వెళ్లేది ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన ఇంజెక్షన్ ఇస్తాడు, సెలైన్ ఎక్కిస్తాడు, ఏ ఫారమూ నింపడు. ప్రైవేటు ఆసుపత్రులు నింపాలి, అన్నీ నింపవు. ఏఎన్‌ఎం వాడలోకి ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఇంట్లోకి వస్తుందా వీధి చివరే ఆగుతుందా, వాడకు ఆశా కార్యకర్త ఎవరు, ఆమె మాట పీహెచ్‌సీలో ఎంత చెల్లుతుంది అన్నవి కూడా గణాంకాలను నిర్ణయిస్తాయి. తెలంగాణలో 2021 మేలోనూ, మళ్లీ 2022 జనవరిలోనూ ఇంటింటి జ్వర సర్వే చేశారు. అంటే ప్రతి గడపకూ వెళ్లడం ప్రభుత్వానికి చేతకాని పని కాదు. ఆ సర్వే ఫలితాలు బయటికొచ్చినప్పుడు మాత్రం ఇన్ని లక్షల ఇళ్లు, ఇన్ని మందుల కిట్లు అనే మొత్తాలుగానే వచ్చాయి.

ఇక జబ్బుకు పెట్టే పేరు. విరేచనాల విజృంభణల్లో చాలా వాటికి ఎదురుగా ‘తీవ్ర విరేచనాల వ్యాధి’ అనే ఉంటుంది. అది లక్షణమే తప్ప జబ్బు పేరు కాదు. కలరానా కాదా తేల్చాలంటే యాంటీబయాటిక్ వేయకముందే మలం నమూనా తీసి, క్యారీ-బ్లెయిర్ అనే మాధ్యమంలో పెట్టి ల్యాబ్‌కు పంపాలి. శిబిరం పెట్టిన రోజే అందరికీ మాత్రలు పంచేశాక తీసిన నమూనాలో ఏమీ దొరకదు. కలరా అనే మాట రాయడానికి అధికారులు జంకడం పాత అలవాటు. ఒకప్పుడు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో కలరా ఒకటి. తెలియజేస్తే వాణిజ్యం దెబ్బతింటుందని దేశాలు దాచేవి.

మరణాల సంగతి ఇంకా కష్టం. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలు ప్రబలినప్పుడు అధికారులు మొదట చెప్పిన మృతుల సంఖ్యకూ, గ్రామంలో చెప్పిన సంఖ్యకూ పొంతన లేదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమందికి వేరే అనారోగ్యాలున్నాయన్నది అధికారుల మాట. ముసలి మనిషికి గుండె జబ్బు ఉండొచ్చు. ఆమె ఒంట్లో నీరంతా పోయి గుండె ఆగితే అది ఏ ఖాతాలో రాయాలి అన్నది గదిలో కూర్చున్నవారి నిర్ణయం. అందుకే మరణం జరిగిన ఇంట్లో లక్షణాలు మొదలైన రోజు, గంట రాసి పెట్టుకోవడం ముఖ్యం.

వ్యవస్థ వేగంగా కదలడం కూడా మనం చూశాం. 2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరు వన్ టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయారు. కొద్ది రోజుల్లో ఆరు వందలకు పైగా బాధితులు, ఒక మరణం. ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ వంటి సంస్థలు రంగంలోకి దిగాయి. రక్తంలో సీసం, నికెల్ దొరికాయి, పురుగుమందుల మీద అనుమానం వచ్చింది. పట్టణం కావడం, అందరూ ఒకే పెద్దాసుపత్రికి రావడం, టీవీ కెమెరాలు అక్కడే ఉండడం దీనికి కారణాలు. అదే మూర్ఛ నాలుగు వాడల్లో నలుగురికి వచ్చి ఉంటే ఎవరి కంటా పడేది కాదు.

టీవీ కెమెరా అన్నాం కాబట్టి ఒక దారి గురించి చెప్పాలి. ఫారాలు ఒక్కటే కాదు, వార్త కూడా ఈ వ్యవస్థలోకి ప్రవేశం. 2008 జూలై నుంచి ఎన్‌సీడీసీలో మీడియాను వెతికి సరిచూసే విభాగం ఒకటి ఉంది. పత్రికల్లో, వెబ్‌సైట్లలో వచ్చిన జబ్బుల వార్తలను ఏరి, నిజమో కాదో చెప్పమని జిల్లాకు పంపుతుంది. అంతర్జాతీయ స్థాయిలోనూ ఇదే పద్ధతి. 2003 ఫిబ్రవరిలో చైనాలో సార్స్ గురించిన తొలి కబురు ప్రపంచానికి ప్రభుత్వం ద్వారా కాదు, ప్రోమెడ్ అనే ఈమెయిల్ జాబితా ద్వారా తెలిసింది. ఆ అనుభవం తర్వాత 2005లో రాసి, 2007 జూన్ 15 నుంచి అమలైన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు, ప్రభుత్వేతర సమాచారాన్ని కూడా తీసుకుని దేశాలను వివరణ అడిగే అధికారాన్ని డబ్ల్యూహెచ్‌ఓకు ఇచ్చాయి. అంతర్జాతీయ ప్రమాదం కాగల ఘటన అని అంచనాకు వచ్చిన 24 గంటల్లో దేశం దాన్ని డబ్ల్యూహెచ్‌ఓకు తెలపాలి. కనుక జిల్లా ఎడిషన్‌లో మూడు లైన్ల వార్త వేయించడం చిన్న పని కాదు. ఆ వార్తలో ఊరి పేరుతో పాటు వాడ పేరు, నీటి వనరు, మొదటి కేసు తేదీ ఉండేలా చూడాలి.

ఢిల్లీకి చేరిన సమాచారం అక్కడి నుంచి జెనీవాకు 24 గంటల్లో వెళ్లాలని నిబంధన ఉంది. అదే సమాచారం తిరిగి వాడకు ఎన్ని గంటల్లో రావాలన్న నిబంధన మాకు ఎక్కడా కనిపించలేదు. నమూనా ఇచ్చిన తల్లికి ఫలితం చేరదు. ట్యాంకు నీళ్లు పరీక్షకు తీసుకెళ్లినవాళ్లు ఏం తేలిందో వచ్చి చెప్పరు.

మరి ఎస్సీ అని విడిగా రాయమని అడగాలా? మా మధ్య కూడా దీనిమీద వాదనలున్నాయి. భయానికి కారణముంది. 1897లో ప్లేగు పేరుతో తెచ్చిన అంటువ్యాధుల చట్టం కింద పుణెలో సైనికులు ఇళ్లలో చొరబడి సోదాలు చేశారు. అదే ప్లేగులో సావిత్రీబాయి ఫూలే ముంఢ్వా మహర్‌వాడ నుంచి జబ్బుపడ్డ ఒక పిల్లవాణ్ని ఎత్తుకుని, కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకు తీసుకెళ్లి, ఆ జబ్బు సోకి మార్చి 10న చనిపోయారు. రోగి దగ్గరికి అధికారం వెళ్లిన తీరు ఒకటి, ఆమె వెళ్లిన తీరు మరొకటి. మన కాలంలో, 2020 ఏప్రిల్‌లో, కేంద్ర ఆరోగ్య శాఖ రోజువారీ సమావేశాల్లో తబ్లీగీ జమాత్ కేసులని విడిగా లెక్క చెప్పింది. కొద్ది రోజుల్లోనే ముస్లిం కూరగాయల బండ్లను వీధుల్లోకి రానివ్వని పరిస్థితి వచ్చింది. ఒక వాడ పేరు జబ్బుతో కలిపి టీవీలో వస్తే రేపు ఆ వాడ ఆడవాళ్లను కూలికి పిలవరు. ఇది ఊహ కాదని మన పాఠకులకు చెప్పక్కర్లేదు.

అదే 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని లూసియానా రాష్ట్రం కోవిడ్ మరణాలను జాతి వారీగా ప్రకటించింది. జనాభాలో మూడో వంతుకు దగ్గరగా ఉన్న నల్లజాతివారు మరణాల్లో 70 శాతం పైగా ఉన్నారని తేలింది. ఆ సంఖ్య లేకపోతే ఆ చర్చే లేదు. మన దేశంలో కోవిడ్‌తో ఎంతమంది దళితులు చనిపోయారు అన్న ప్రశ్నకు అధికారిక జవాబు లేదు. మరణ నమోదు ఫారంలో మతం గడి ఉంది, కులం గడి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కులం ఉంటుంది కానీ అది కొన్నేళ్లకొకసారి వచ్చేది, విజృంభణ సంగతి చెప్పదు. రెండు వైపులా చూశాక మా అభిప్రాయం ఇది: మనిషి పేరు, కులం టీవీకి ఎక్కనక్కర్లేదు. విజృంభణ నివేదికలో హ్యాబిటేషన్, నీటి వనరు అని రెండు గడులు ఉండాలి. పారిశుద్ధ్య కార్మికుల విషయంలో వృత్తి గడి తప్పక ఉండాలి. మ్యాన్‌హోల్‌లో దిగినవాడికి వచ్చిన లెప్టోస్పైరోసిస్ వట్టి జ్వరంగా మిగిలిపోకూడదు. ఏడాది చివర్లో ఎస్సీ హ్యాబిటేషన్లలో ఎన్ని విజృంభణలు అన్న మొత్తం ప్రచురించాలి.

గడులు వచ్చేదాకా ఆగలేం కాబట్టి, వాడలో జబ్బు మొదలైన రోజు ఏం చేయాలో చెబుతాం. ఒక నోటుపుస్తకం తీయండి. మనిషికొక వరస: వయసు, ఆడో మగో, ఏ ఇల్లు, లక్షణాలు మొదలైన తేదీ, సమయం, ఏ నీళ్లు తాగారు, రెండు రోజుల ముందు ఏం తిన్నారు, ఎక్కడ చూపించుకున్నారు. పేర్లు ఆ పుస్తకంలోనే ఉండాలి, వాట్సాప్‌లోకి వెళ్లకూడదు. ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఏఎన్‌ఎంకూ, పీహెచ్‌సీ డాక్టరుకూ, 104కూ చెప్పండి. డీఎంహెచ్‌ఓ కార్యాలయంలోని జిల్లా నిఘా అధికారికి లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ట్యాంకులో బ్లీచింగ్ చల్లకముందే నీటి నమూనా తీయమని పట్టుబట్టండి. పంచాయతీల్లో వాడే చిన్న హెచ్‌2ఎస్ సీసాలో నీళ్లు పోస్తే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే కలుషితమైనట్టు. ఎస్సీ, ఎస్టీ కానివారెవరైనా కావాలని నీళ్లు పాడుచేశారని తేలితే, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1) కింద అది నేరం. అప్పుడు మీ నోటుపుస్తకంలోని తేదీలూ, నీటి పరీక్ష కాగితమూ సాక్ష్యాలవుతాయి. విజృంభణకు గుర్తింపు సంఖ్య పడిందా అని అడిగి రాసుకోండి. పడలేదంటే ఆ ఘటన ఢిల్లీ పట్టికలో లేనట్టే.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. డీఎంహెచ్‌ఓ కార్యాలయ ప్రజా సమాచార అధికారి పేరున రాయాలి. వాళ్ల దగ్గర లేని పట్టికను తయారుచేసి ఇవ్వమంటే ఇవ్వరు. ఉన్న కాగితాలే అడగండి: సత్వర స్పందన బృందం నివేదిక, రోగుల జాబితా, ల్యాబ్ ఫలితాలు, నీటి పరీక్ష ఫలితాలు, ఆ వారం ఆ సబ్‌సెంటర్ ఎస్ ఫారం నకలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్, ఆర్టీఐలోని 8(1)(జె)ను మార్చింది. వ్యక్తిగత సమాచారం అనే ఒక్క మాటతో తిరస్కరించడం ఇప్పుడు తేలిక. అందుకని దరఖాస్తులోనే, సెక్షన్ 10 ప్రకారం పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి మిగతాది ఇవ్వండి అని రాయండి. సెక్షన్ 8(2) కింద ప్రజా ప్రయోజనాన్నీ ప్రస్తావించండి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే సెక్షన్ 7(1) ప్రకారం 48 గంటల్లో ఇవ్వాలి, మిగతావాటికి 30 రోజులు. హ్యాబిటేషన్ వారీ వివరాలు మా వద్ద లేవు అనే జవాబు వస్తే దాన్ని పారేయకండి. జిల్లాలో మరో రెండు మూడు చోట్ల నుంచి కూడా అదే జవాబు తెప్పించి, తాగునీటి శాఖ హ్యాబిటేషన్ జాబితాను పక్కన పెట్టి, కలెక్టర్‌కూ రాష్ట్ర ఎస్సీ కమిషన్‌కూ ఇవ్వండి. ఒక నకలు మాకూ పంపండి.